లెక్కలేనన్ని జెమ్స్ ఎవరి సర్వరులో ఉన్నాయి?

దసరా సెలవులకు మా మేనల్లుడు వచ్చాడు. ఇంటర్ మొదటి సంవత్సరం. అన్నం తింటున్నా ఒక చేతిలో ఫోను ఉండాల్సిందే. "మామయ్యా, ఇది చూడు" అంటూ క్లాష్ ఆఫ్ క్లాన్స్ అనే ఫోను ఆటలో తను కట్టిన గ్రామం చూపించాడు. గ్రామానికి గుండె లాంటి టౌన్ హాల్ చివరి స్థాయిలో ఉంది. గోడలన్నీ చివరి స్థాయివే. ఆటలో డబ్బులా చెల్లే జెమ్స్ పక్కన తొమ్మిది అంకెల సంఖ్య. నేను ఆ ఆట 2014 నుంచి ఆడుతున్నాను, ఇప్పటికీ నా గోడల్లో సగం పాతవే. ఇంతా కట్టడానికి ఎన్నాళ్లు పట్టిందని అడిగితే "పావుగంట" అన్నాడు.

అది కంపెనీ నడిపే ఆట కాదని, ఎవరో నడిపే ప్రైవేటు సర్వరని అప్పుడు అర్థమైంది. ఆ సంగతి కన్నా నన్ను కంగారు పెట్టింది చేతిలోని ఫోను. అది వాళ్ల నాన్నది. అందులో బ్యాంకు యాప్ ఉంది, ఫోన్‌పే ఉంది, ఇంటిల్లిపాది ఓటీపీలూ దానికే వస్తాయి.

వాడిని తిట్టి లాభం లేదు. ఆ సర్వరులో ఆకర్షణ లేకపోతే వాడు వెళ్లేవాడే కాదు. అసలు సర్వరులోనే ఉండాలా, కొంత డబ్బు పెట్టాలా, ప్రైవేటు సర్వరుకు పోవాలా, లేక మరో దారి ఉందా అని ఊగిసలాడేవారి కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణ ఎక్కువగా క్లాష్ ఆఫ్ క్లాన్స్‌దే, నాకు బాగా తెలిసినది అదే కాబట్టి.

ప్రైవేటు సర్వరంటే ఏమిటి?

ఇలాంటి ఆటల్లో మన ఫోనులో ఉండేవి బొమ్మలు, చప్పుళ్లు, మీటలు మాత్రమే. మీకు ఎంత బంగారం ఉంది, ఏ ఫిరంగి ఏ స్థాయిలో ఉంది అన్న లెక్కంతా కంపెనీ సర్వరులో, అంటే ఇంటర్నెట్ అవతల ఉండే కంపెనీ కంప్యూటరులో, ఉంటుంది. ఫోనులో కనిపించే అంకె పాసుపుస్తకంలో అచ్చువేసిన నిల్వ లాంటిది. పాసుపుస్తకంలో అంకె దిద్దుకున్నంత మాత్రాన బ్యాంకులో డబ్బు పెరగదు. అందుకే "అసలు ఖాతాలోకే లక్ష జెమ్స్ ఉచితంగా" అని ఊరించే యాప్‌లూ సైట్లూ అన్నీ మోసమే. ఇందులో మినహాయింపులు వెతకవద్దు.

మరి పావుగంటలో గ్రామం ఎలా వచ్చింది? ఎవరో వేరే బ్యాంకు తెరిచారు. అసలు యాప్ సర్వరుతో ఏయే సందేశాలు పంపుకుంటుందో గమనించి, వాటికి సరిగ్గా అలాగే బదులిచ్చే మరో సర్వరును తయారుచేశారు. ఆ తర్వాత అసలు యాప్‌ను విప్పి, అందులోని సర్వరు చిరునామానూ, సర్వరును గుర్తుపట్టే తాళంచెవినీ మార్చి, మళ్లీ మూటగట్టి ఏపీకే ఫైలుగా (ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు) వదిలారు. ఆ కొత్త బ్యాంకులో నిల్వ ఎంత ఉండాలో మేనేజరు ఇష్టం, కాబట్టి కోట్లు రాసి ఇస్తాడు. ఆ కోట్లు ఆ గుమ్మం దాటి చెల్లవు.

చాలామంది ఒకటి కలగలిపేస్తారు. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ లాంటి తుపాకీ ఆటల్లో స్నేహితులంతా కలిసి ఆడుకునే కస్టమ్ రూమ్ ప్రైవేటు సర్వరు కాదు. అది కంపెనీ సర్వరులోనే మనవాళ్లకు మాత్రం తలుపు తీసే గది. మీకు కావలసింది "మావాళ్లం మాత్రమే ఆడుకోవాలి" అన్నదే అయితే మీ వెతుకులాట ఇక్కడే ముగిసింది.

ఏ తూకంతో చూడాలి

మొదటిది, మీకు నిజంగా ఏం కావాలి? వేచి ఉండడం విసుగా? కొత్త సైన్యాలను తాకి చూడాలన్న కుతూహలమా? స్నేహితుల ముందు పెద్ద గ్రామం చూపించుకోవడమా? మూతపడిన పాత ఆట మీద బెంగా? ఒక్కో కోరికకు ఒక్కో మందు ఉంది, అన్నింటికీ ప్రైవేటు సర్వరు మందు కాదు.

రెండోది ఫోను. చాలామంది దీన్ని చివరన, అదీ గుర్తొస్తే, ఆలోచిస్తారు. నేనైతే దీనికే ఎక్కువ బరువు వేస్తాను. ఇంటికొకటే మంచి ఫోనున్న చోట ఆట ఆడేదీ, కరెంటు బిల్లు కట్టేదీ, గ్యాసు బుక్ చేసేదీ ఆ ఫోనే. ఆటలో తప్పటడుగు వేసేది పిల్లాడు, దెబ్బ తగిలేది నాన్న ఖాతాకు.

మూడోది, రేపు అది మాయమైతే మీరు ఏం పోగొట్టుకుంటారు? నాలుగోది, ఎవరితో ఆడతారు? ఐదోది చట్టం, నిబంధనలు. డబ్బును ఈ జాబితాలో విడిగా పెట్టలేదు. ఎందుకో ముందుకు వెళ్తే తెలుస్తుంది.

ఒకటి: అసలు సర్వరు, పైసా పెట్టకుండా

క్లాష్ ఆఫ్ క్లాన్స్‌ను ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలోని సూపర్‌సెల్ 2012లో ఐఫోన్లకూ, 2013లో ఆండ్రాయిడ్‌కూ తెచ్చింది. ఈ ఆట వ్యాపారమంతా ఓపిక మీద నడుస్తుంది. పై స్థాయిలో ఒక్క కట్టడం పూర్తి కావడానికి రోజులు పడుతుంది. ఓపిక నశించినవాడు జెమ్స్ కొంటాడు. ఓపిక ఉన్నవాడు చెట్లూ రాళ్లూ తొలగిస్తూ జెమ్స్ ఏరుకుంటాడు. కట్టడాలు కట్టే పనివాడిని బిల్డరు అంటారు. మూడో బిల్డరుకు 500 జెమ్స్, నాలుగోవాడికి 1000, ఐదోవాడికి 2000. రాళ్ల కింద దొరికిన జెమ్స్‌ను ఖర్చుపెట్టకుండా బిల్డర్ల కోసమే దాచుకుంటే ఒక్క రూపాయి లేకుండా ఐదుగురూ వస్తారు. నాకు అలాగే వచ్చారు. ఎన్ని నెలలు పట్టిందో మాత్రం అడగవద్దు.

ఇక్కడ ఒక మార్పు గుర్తుంచుకోవాలి. ఒకప్పుడు ప్రైవేటు సర్వర్ల పెద్ద ఎర "సైన్యం తయారీకి ఎదురుచూడక్కర్లేదు" అన్నది. సూపర్‌సెల్ 2022లో సైన్యం తయారీ ఖర్చును ఎత్తేసింది, 2025 మార్చిలో తయారీ సమయాన్నీ తీసేసింది. ఒక దాడి కాగానే మరో దాడికి వెళ్లవచ్చు. అయిదేళ్ల కిందట విసిగి ఆట వదిలేసినవారు ప్రైవేటు సర్వరు వెతికేముందు అసలు ఆటను ఒకసారి తెరిచి చూడడం మంచిది. కట్టడాలకు మాత్రం ఇప్పటికీ ఎదురుచూడాల్సిందే, అబద్ధం చెప్పను.

సైన్యాలతో ప్రయోగాలు చేయాలనే కోరికకూ లోపలే దారి ఉంది. క్లాన్‌లోని (కలిసి ఆడే జట్టులోని) వారి గ్రామం మీద స్నేహపూర్వక సవాలు విసురుకోవచ్చు. ఏమీ పోదు, ఏమీ రాదు, దాడి మాత్రం నేర్చుకుంటారు.

రెండు: అసలు సర్వరు, కొద్దిగా ఖర్చుతో

నెలకొకసారి గోల్డ్ పాస్ కొంటే కట్టడాల సమయమూ ఖర్చూ కొంత తగ్గుతాయి. పావుగంటలో గ్రామం రాదు గానీ విసుగు తగ్గుతుంది. సంపాదన ఉన్నవారికి ఇది సినిమా టికెట్టు ఖర్చు లాంటిది. పిల్లల చేతిలో ఫోను పెట్టే ఇళ్లలో ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డు అడిగేలా అమర్చుకోండి.

ఒకటి మాత్రం వద్దు. సగం ధరకు జెమ్స్ ఇస్తామని బయట ఎవరో అమ్ముతుంటే కొనవద్దు. వాటిలో దొంగిలించిన కార్డులతో కొని, తర్వాత డబ్బు వెనక్కి లాగేసినవి ఉంటాయి. కంపెనీ ఆ జెమ్స్‌ను మీ ఖాతా నుంచి తీసేసుకుంటుంది. అప్పటికే ఖర్చుపెట్టేసి ఉంటే నిల్వ సున్నా కిందికి పోతుంది. ఆటలో అప్పుపడిన గ్రామాన్ని మా క్లాన్‌లో ఒకరి దగ్గర చూశాను. అప్పుల పద్దులా ఎర్రటి అంకె, పక్కన ఏడుపు ముఖంతో యజమాని.

మూడు: ప్రైవేటు సర్వరు

ముందు న్యాయంగా దాని ఆకర్షణ చెప్పాలి. నేను కూడా నాలుగేళ్ల కిందట ఒక పాత ఫోనులో ఒకదాన్ని ఎక్కించి వారం రోజులు ఆడాను. మొదటి సాయంత్రం జాతరే. ఎప్పటికీ అందవనుకున్న సైన్యాలన్నీ చేతిలో ఉన్నాయి. డ్రాగన్ల మందను వదిలితే కోట కూలిపోతుంటే చూడడం ముచ్చటగా ఉంది. గ్రామాన్ని ఎన్ని రకాలుగానైనా కట్టి కూల్చవచ్చు. కొత్త స్థాయి వస్తే ఎలా ఉంటుందో రుచి చూడడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. బొమ్మలకొలువు పేర్చుకునే సరదా ఉన్నవారికి ఇది నచ్చుతుంది, కాదనను.

మూడో రోజుకు చేయి ఆగిపోయింది. అన్నీ ఉన్నాయి, చేయడానికి ఏమీ లేదు. దోచుకోవడానికి అవతలివాడి దగ్గర బంగారం కోట్లలో ఉంది, నా దగ్గరా కోట్లలో ఉంది. గెలిస్తే ఏమిటి? యుద్ధానికి రమ్మంటే క్లాన్‌లో పలికేవారు లేరు, అందరూ నాలాగే చూసి పోయే బాపతు. ఏడో రోజు ఉదయం సర్వరే పలకలేదు. నడిపినవాడు ఎవరో తెలియదు, ఎందుకు ఆపాడో తెలియదు, అడగడానికి చోటు లేదు.

ఇక ప్రమాదాలు. ఇవన్నీ ఒకే బరువువి కావు.

చిన్నది: గ్రామం మాయం కావడం. పావుగంటలో వచ్చింది, క్షణంలో పోయింది. ఏడవాల్సినంత లేదు. అయితే ప్రైవేటు సర్వరులోనూ "విరాళం" పేరుతో ప్రత్యేక హోదాలు అమ్మేవారు ఉంటారు. అక్కడ పెట్టిన రూపాయికి రసీదు ఉండదు, వాపసు ఉండదు. ఉచితం కదా అని వెళ్లి డబ్బు కట్టి వచ్చేవారు ఉంటారు కాబట్టే ఇందాక డబ్బును తూకంలో విడిగా పెట్టలేదు.

మధ్యస్థమైనది: అసలు ఖాతా. మార్చిన యాప్‌లు వాడకూడదని సూపర్‌సెల్ నిబంధనల్లో స్పష్టంగా ఉంది, దొరికితే ఖాతాను శాశ్వతంగా మూసేయవచ్చు. అంతకన్నా సులువుగా ఖాతా పోయే దారి మరొకటి ఉంది. ఆటలో మన ఖాతా అయిన సూపర్‌సెల్ ఐడీకి పాస్‌వర్డు ఉండదు. ఈమెయిలు ఇస్తే దానికి ఆరంకెల కోడ్ వస్తుంది, అది కొడితే లోపలికి వెళ్తాం. "మీ అసలు గ్రామాన్ని ఇక్కడికి తెచ్చుకోండి" అని ప్రైవేటు సర్వరు యాప్‌లో ఒక మీట కనిపిస్తే, అక్కడ ఈమెయిలూ కోడూ కొట్టారంటే పదేళ్ల గ్రామం తాళాలు అపరిచితుడి చేతిలో పెట్టినట్టే.

పెద్దది: ఏపీకే ఫైలు. ప్లే స్టోర్ బయటి నుంచి వచ్చిన ప్రతి ఏపీకే విషమని అనను. కానీ యాప్‌ను విప్పి మళ్లీ మూటగట్టినవాడు దానిలో ఇంకేం పెట్టాడో పైకి చూసి చెప్పలేం. పైగా మంచిగా నడిచే ఒక సర్వరు పేరుతో పది నకిలీ సైట్లు వెలుస్తాయి, మీరు దింపుకున్నది ఏ మూటో మీకే తెలియదు. యుద్ధం ఆడుకునే ఆటకు మీ ఎస్ఎంఎస్‌లు చదివే అవసరం ఏముంది? నోటిఫికేషన్లు చూసే అనుమతి ఎందుకు? వైకల్యం ఉన్నవారికి సాయపడేందుకు పెట్టిన యాక్సెసిబిలిటీ అనుమతి ఎందుకు? ఈ మూడింటిలో ఏ ఒక్కటి అడిగినా ఆ యాప్ ఓటీపీల మీద కన్నేసిందని అనుకోవాలి. యాక్సెసిబిలిటీ చాలా చెడ్డది, తెర మీద ఉన్నదంతా చదవగలదు, మీ బదులు మీటలు నొక్కగలదు. ఎక్కించేటప్పుడు "ప్లే ప్రొటెక్ట్ (హానికర యాప్‌లను పట్టే గూగుల్ కాపలా) ఆపేయండి" అని సూచన రాసి ఉంటే ఇక చదవడం ఆపి ఆ ఫైలు తీసేయండి.

ఐఫోను వారికి బాధ మరో రకం. ఉచిత యాపిల్ ఖాతాతో డిజిటల్ సంతకం చేసి ఎక్కించిన బయటి యాప్ ఏడు రోజులే నడుస్తుంది, ఆ తర్వాత మళ్లీ ఎక్కించాలి. దీన్ని తప్పించడానికి ఎవరో కంపెనీల పేరున ఉన్న సంతకాలు వాడతారు, యాపిల్ వాటిని రద్దుచేసిన రోజున యాప్ తెరుచుకోదు.

చట్టం మాటకొస్తే, కోర్టు దెబ్బలు ఇంతవరకు ప్రధానంగా నడిపేవారికే తగిలాయి. 2010లో అమెరికా కోర్టు ఒకటి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటకు ప్రైవేటు సర్వరు నడిపి వస్తువులు అమ్ముకున్నవారు ఆ ఆటను తయారుచేసిన బ్లిజార్డ్ కంపెనీకి దాదాపు 8.8 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పిచ్చింది. మన దగ్గరా 1957 నాటి కాపీరైట్ చట్టం సాఫ్ట్‌వేరుకు వర్తిస్తుంది. ఆడేవాడికి మొదట తగిలేది ఖాతా రద్దు. కానీ స్నేహితుల కోసం ఒక సర్వరు పెడదాం, నెలకు కొంత వసూలు చేద్దాం అని ఇంజినీరింగు కుర్రాళ్లు ఎవరైనా ఆలోచిస్తుంటే ఆ 8.8 కోట్ల అంకె కాగితం మీద ఒకసారి రాసి చూసుకోండి.

నాలుగు: అనుమతి ఉన్న సొంత సర్వరు

ఈ దారిని మనవాళ్లు తక్కువగా పట్టించుకుంటారని నా ఫిర్యాదు. సర్వరు మన చేతిలో ఉండాలి, నియమాలు మనమే రాయాలి, లోకం మనదిగా ఉండాలి అన్న కోరిక ఉన్నవారికి దొంగదారి అవసరమే లేదు. దిమ్మెలతో లోకం కట్టుకునే ఆట మైన్‌క్రాఫ్ట్. ఫోనులో ఆడే దాని బెడ్‌రాక్ రూపానికి సర్వరు సాఫ్ట్‌వేరును కంపెనీయే ఉచితంగా ఇస్తుంది. విండోస్ మీదా ఉబుంటు మీదా నడుస్తుంది. ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే చాలు, ఒకే వైఫైలో అన్నదమ్ములంతా ఆడుకోవచ్చు. బయటివారు కూడా రావాలంటే రౌటరులో 19132 పోర్టు (బయటివారు లోపలికి వచ్చే ద్వారం) తెరవాలి, లేదా నెలకు కొంత కట్టి, కంపెనీయే సర్వరు నడిపిపెట్టే రియల్మ్స్ తీసుకోవాలి. ఆట మాత్రం ఒకసారి కొనాలి.

కొనడం కూడా వద్దనుకుంటే అలాంటిదే లువాంటీ ఉంది. 2024 వరకు దాని పేరు మైన్‌టెస్ట్. దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, ఎవరైనా సర్వరు పెట్టుకోవచ్చు. కర్మాగారాలు కట్టి శత్రువులను ఆపే ఆట ఇష్టమైతే మిండస్ట్రీ, అదీ అలాంటిదే. ఇక్కడ మీ సర్వరులో మీరే మేనేజరు. సర్వరు ఎలా పనిచేస్తుందో నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్న పిల్లలకు నేను ముందు చెప్పేది ఇదే. లోటు ఒక్కటే, క్లాష్ గ్రామం కావాలని ఏడ్చేవాడికి మైన్‌క్రాఫ్ట్ గడ్డిమైదానం చూపిస్తే కోపం వస్తుంది.

ఐదు: మూతపడిన ఆటలు

ఈ విషయంలో నా మనసు మెత్తబడుతుంది. నింటెండో, సైగేమ్స్ కలిసి తెచ్చిన డ్రాగాలియా లాస్ట్ 2018లో మొదలై 2022 నవంబరు 30న ఆగిపోయింది. డబ్బు పెట్టినవారికీ పెట్టనివారికీ మిగిలింది ఆట ముగిసిందని చెప్పే ఒకే తెర. అభిమానులు తామే సర్వరు తయారుచేసుకుని ఆటను మళ్లీ తెరిచారు. హక్కులు కంపెనీవే, చట్టం మారలేదు. అయినా నడుస్తున్న దుకాణం పక్కన దొంగ కొట్టు పెట్టడానికీ, మూసేసిన గ్రంథాలయంలో దీపం వెలిగించడానికీ తేడా ఉందని నేను అనుకుంటాను.

కంపెనీలు తలుచుకుంటే పద్ధతిగా కూడా చేయగలవు. నింటెండోయే యానిమల్ క్రాసింగ్ పాకెట్ క్యాంప్‌ను 2024 నవంబరులో ఆపి, సర్వరు అవసరం లేని పూర్తి రూపాన్ని డిసెంబరులో అమ్మకానికి పెట్టింది. కంప్యూటర్ ఆటల్లో నోస్టాల్‌రియస్ కథ ఇంకా చిత్రం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ పాత రూపాన్ని నడిపిన ఆ ప్రైవేటు సర్వరు బ్లిజార్డ్ నోటీసుతో 2016 ఏప్రిల్‌లో మూతపడింది. ఆ పాత ఆటనే బ్లిజార్డ్ 2019 ఆగస్టులో తానే తెరిచింది. అందుకని మీ పాత ఆట ఆగిపోతే మొదట ఆఫ్‌లైన్ రూపం వచ్చిందేమో చూడండి. లేకపోతేనే అభిమానుల దారి, అదీ కింద చెప్పబోయే జాగ్రత్తలతో.

| దారి | విసుగు తగ్గుతుందా | ఫోనుకు ప్రమాదం | పోతే ఎంత నష్టం | తోటి ఆటగాళ్లు |
|---|---|---|---|---|
| అసలు సర్వరు, ఉచితం | నెమ్మదిగా | దాదాపు లేదు | ఖాతా భద్రంగా ఉంటే లేదు | ఎక్కువ, నిలకడైనవారు |
| అసలు సర్వరు, ఖర్చుతో | కొంత | దాదాపు లేదు | పెట్టిన డబ్బు | అదే |
| నడుస్తున్న ఆటకు ప్రైవేటు సర్వరు | వెంటనే, ఆ తర్వాత వేరే విసుగు | ఎక్కువ | కొట్టిన కోడును బట్టి అసలు ఖాతా, బ్యాంకు కూడా | వచ్చి పోయేవారు |
| అనుమతి ఉన్న సొంత సర్వరు | మీ చేతిలో | తక్కువ | బ్యాకప్ ఉంటే లేదు | మీవాళ్లే |
| మూతపడిన ఆటకు అభిమానుల సర్వరు | ఆ ప్రశ్నే లేదు | మధ్యస్థం | మళ్లీ బెంగ | కొద్దిమంది, ప్రాణం పెట్టేవారు |

ఎవరికి ఏది

పదేళ్ల గ్రామం ఉన్నవారికి నా సలహా మొండిగానే ఉంటుంది: ఆ ఈమెయిలు ఉన్న ఫోనులో ప్రైవేటు సర్వరు ఎక్కించవద్దు. పోగొట్టుకోగలిగింది మీకు చాలా ఉంది, కొత్తగా దొరికేది వారం రోజుల ముచ్చట.

ఆఫీసు నుంచి వచ్చి అరగంట ఆడుకునే ఉద్యోగికి గోల్డ్ పాస్ చాలు. కస్టమ్ రూములు కోరే హాస్టలు జట్టుకు ఆట లోపలి ఏర్పాట్లు చాలు. కోడింగ్ మీద మనసున్నవారు నాలుగో దారికి వెళ్లాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఫోను లాక్కుంటే పిల్లలు స్నేహితుడి ఫోనులో ఎక్కిస్తారు. బదులుగా సెట్టింగ్స్‌లో "తెలియని చోట్ల నుంచి యాప్‌లు" అనుమతి ఏ బ్రౌజరుకు ఇచ్చి ఉందో చూసి ఆపండి. ఖాతాలో డబ్బు కదిలినట్టు అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేసి, బ్యాంకుకూ చెప్పండి. మొదటి కొద్ది గంటల్లో చెబితే డబ్బు ఆపించే అవకాశం ఎక్కువ.

ఇంత చదివినా ఒకసారి చూడాల్సిందే అనేవారు ఉంటారు. వారికి: సిమ్ లేని పాత ఫోను తీసుకోండి. దాన్ని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. కొత్తగా తెరిచిన, దేనికీ వాడని ఈమెయిలు పెట్టండి. బ్యాంకు యాప్, ఫొటోలు, కాంటాక్టులు ఏవీ అందులో ఉండకూడదు. ఎక్కడా సూపర్‌సెల్ ఐడీ కోడ్ కొట్టవద్దు, పైసా కట్టవద్దు. సరదా తీరాక మళ్లీ రీసెట్ చేయండి.

మా మేనల్లుడి విషయంలో నేను చేసింది దాదాపు అదే. నాన్న ఫోనులోంచి ఆ యాప్ తీసేసి, అనుమతులన్నీ ఒక్కొక్కటిగా చూసి, బావగారి చేత యూపీఐ పిన్ మార్పించాను. బీరువాలో పడి ఉన్న నా పాత ఫోను వాడికిచ్చాను, తెర మూల పగిలినదే. దీపావళికి ఫోను చేసి ఆ గ్రామం ఎలా ఉందని అడిగితే "అదా, ఎప్పుడో తీసేశాను మామయ్యా" అన్నాడు. అసలు ఆటలో నాలుగో బిల్డరు కోసం రాళ్లు ఏరుతున్నాడట, ఇంకా 340 జెమ్స్ కావాలట.